మరమనిషి వెనక వంతగాడు

మరమనిషి తలలోంచి పొగ రావడం తెర మీద చూసినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. తల మీద ఒక దెబ్బ తగులుతుంది, చెవిలోంచి నిప్పురవ్వలు రాలతాయి, కళ్ళలో నీలం దీపాలు మూడుసార్లు మిణుకుమంటాయి. అంతే, పాపం, దానికి గతమంతా తుడిచిపెట్టుకుపోతుంది. మళ్ళీ ఎవరో పిల్ల కన్నీటిబొట్టు దాని ఛాతీ మీద పడగానే అంతా గుర్తొచ్చేస్తుంది. ముప్పై ఎనిమిదేళ్ళు సర్క్యూట్ బోర్డుల మీద వంగి బతికినవాణ్ణి నేను. బోర్డు మీద నీటిబొట్టు పడితే ఏమవుతుందో నాకు తెలుసు. ఏమైనా అవుతుంది గానీ గుర్తుకు రావడం మాత్రం జరగదు.

కథలు రాసే పిల్లలు, సినిమాలు తీసే పిల్లలు ఇది చదువుతారన్న ఆశతో రాస్తున్నాను. యంత్రం గురించి రాయదలిస్తే ముందు ఒక యంత్రాన్ని విప్పి చూడండి. అది చేతకాకపోతే, విప్పినవాణ్ణి అడగండి. అయితే విప్పినవాడు చెప్పిందంతా వేదం అనుకోవద్దు. ఎందుకనుకోకూడదో చెప్పడానికే ఈ నాలుగు ముక్కలు.

నేను పదో తరగతి రెండుసార్లు తప్పాను. చిత్తూరులో ఒక రేడియో షాపులో చేరి, ట్రాన్సిస్టర్ పెట్టెల మీద అచ్చేసిన ఇంగ్లీషు ముక్కలకు డిక్షనరీ ముందు పెట్టుకుని అర్థాలు వెతుక్కుంటూ చదువుకున్నాను. తరవాత తిరుపతిలో బస్టాండు వెనక సందులో సొంత షాపు పెట్టాను. రేడియోలు పోయి టీవీలు వచ్చాయి, టీవీలు పోయి కంప్యూటర్లు వచ్చాయి. ఇంజనీరింగ్ చదివినవాళ్ళు వాళ్ళ చచ్చిన కంప్యూటర్లను సంకలో పెట్టుకుని నా దగ్గరికి వచ్చి, "సార్, దీంట్లో మా డేటా ఉండాది, ఎట్లయినా తీసియ్యండి" అని బతిమాలుతుంటే, పది తప్పినవాడికి కలిగే ఆనందం ఎంతో మీకు చెప్పలేను.

చివరికి కళ్ళు మసకబారి, షాపు మూసేద్దామని సామాను సర్దుకుంటున్న రోజుల్లో ఒక కుర్రాడు వచ్చాడు. తిరుపతిలో లాడ్జి నడిపే కోమట్ల ఇంటి పిల్లవాడు, చదువు ఇంజనీరింగు, పిచ్చి సినిమా.

"సార్, పాత బోర్డులు ఏమన్నా ఉండాయా? వైర్లు బాగా కనపడేటివి కావల్ల."

"ఏమిటికి?"

"మరమనిషికి సార్. వెబ్ సిరీస్ తీస్తాండాం, నేనే డైరెక్టరు. కడుపు తెరిస్తే లోపల కనపడల్ల గదా."

కథ చూపించమన్నాను. ఊరి బయట పాడుబడిన బెల్లం షెడ్డులో ముప్పై ఏళ్ళుగా పడి ఉన్న ఒక మరమనిషిని ఇంజనీరు పిల్ల ఒకతి లేపుతుంది. అది తాను పనిచేసిన ఇంటి సంగతులు చెబుతుంది. కథ బాగానే ఉంది. కానీ ఆ పిల్ల స్విచ్ నొక్కగానే మరమనిషి లేచి కూర్చుని, ఈనాటి తేదీ చెప్పి, "ఎలా ఉన్నారు?" అంటుంది! ఎర్ర పెన్ను తీశాను. ముప్పై ఏళ్ళు బ్యాటరీ యాడ దాచిపెట్టినారయ్యా అని మొదలుపెట్టి, ఆ కుర్రాణ్ణి స్టూలు మీద మూడు గంటలు కూర్చోబెట్టి కాగితాలన్నీ ఎర్రగా చేసి పంపించాను. మరుసటి రోజు పొద్దున్నే మళ్ళీ వచ్చాడు. "సార్, మీరే మా సాంకేతిక సలహాదారు" అని నా నెత్తిన ఒక టోపీ పెట్టాడు. నా ఉద్యోగ జీవితంలో ఆఖరి కొలువు అది. మెడకు ఐడీ కార్డు తగిలించిన మొదటి కొలువు కూడా అదే.

షూటింగ్ ఐరాల దగ్గర మూతపడిన ఒక బెల్లం షెడ్డులో. కథలో ఉన్నట్టే నిజం షెడ్డు దొరికిందని దర్శకుడికి ఒకటే సంబరం. బెల్లం వండిన నేల ఇరవై ఏళ్ళయినా తియ్యగానే ఉంటుందని, ఆ సంగతి చీమలు మరిచిపోవని ఆ పిల్లవాడికి ఎవరూ చెప్పలేదు. మొదటి రోజు సాయంత్రానికే నా మరమనిషి వేషం కడుపు డబ్బాలో చీమలు కాపురం పెట్టాయి. "సార్, ఇవి ఒరిజినల్ చీమలు, ఉండనీండి, రియలిస్టిక్‌గా ఉండాయి" అన్నాడు కెమెరావాడు. రియలిస్టిక్ అంట! చీమ రెండు కాళ్ళు రెండు రాగి గీతల మీద పెడితే బోర్డు గతి ఏమిటో వాడికేం తెలుసు. రోజూ పొద్దున్నే బ్రష్షుతో చీమలు దులపడం కూడా సాంకేతిక సలహాల్లో భాగమైంది.

నా గొప్పలు కొన్ని చెప్పుకుంటాను, ఏమనుకోకండి. మరమనిషి వీపు తలుపుకు ఎనిమిది స్క్రూలు ఉంటే ఏడే బిగించమన్నాను. ఒకసారి రిపేరుకు వెళ్ళొచ్చిన యంత్రానికి ఒక స్క్రూ తక్కువుంటుంది. వీపులో నిజమైన ఫ్యాను పెట్టించాను. బుర్ర పనిచేస్తే వేడి పుడుతుంది, ఆ వేడి ఎటో ఒకవైపు పోవాలి. లేవగానే అది కార్ఖానాలో పుట్టిన తేదీ చెప్పాలన్నాను, ఎందుకంటే గడియారాన్ని నడిపే బొత్తాం సెల్లు ఎప్పుడో చచ్చి ఉంటుంది. మెడ తిప్పకూడదన్నాను, మోటారు తుప్పు పట్టి ఉంటుంది. ఇంజనీరు పిల్ల మెమరీ ముక్కను ఊడదీసి, బడిపిల్లలు వాడే రబ్బరుతో దాని పసుపు అంచును రుద్ది మళ్ళీ పెట్టాలన్నాను. హీరోయిన్‌కు అది నచ్చలేదు. "అంకుల్, ఇంత పెద్ద మరమనిషిని నేను రబ్బరుతో రిపేరు చేస్తే జనం నగరా?" అంది. నీలం లేజరు పెన్ను కావాలంది. తల్లీ, ఈ చేత్తో రబ్బరు రుద్ది ఎన్ని వందల మెషీన్లను లేపానో నీకు తెలుసా అన్నాను. చివరికి రుద్దింది, గోళ్ళు పాడవకుండా.

అన్నిటికన్నా గట్టిగా నేను పట్టుబట్టింది జ్ఞాపకం గురించి. మరమనిషి ఆ ఇంటి పన్నెండేళ్ళ సంగతులు చెప్పే ఘట్టం ఆరు నిమిషాలు ఉంది. దర్శకుడు దాన్ని ముక్కలు ముక్కలుగా తీద్దామనుకున్నాడు. నేను వద్దన్నాను.

"యంత్రం చదివితే మొదట్నించి కడదాకా గడగడా చదువుతాది. మధ్యలో ఆగి నీళ్ళు తాగదు, తల గోక్కోదు. దాని జ్ఞాపకం ఉంటే ఉంటాది, లేకపోతే లేదు. మనుషుల మాదిరి సగంసగం ఉండదు. ఒకే షాట్‌లో తియ్యి."

దర్శకుడి కళ్ళు మెరిశాయి. "ఒకే షాట్! సూపర్ సార్!" అన్నాడు. ఆ సలహా తరవాత నా మెడకే చుట్టుకుంది.

మరమనిషి వేషానికి తెచ్చిన మనిషి గురించి చెప్పాలి. అరవై ఎనిమిదేళ్ళవాడు. మా చిత్తూరు పక్క ఊళ్ళలో పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది గదా, అందులో వీధి నాటకాలకు నలభై ఏళ్ళుగా దుర్యోధనుడు ఆయన. ఆఖరి రోజు పట్టపగలు, మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ మీద ఈయన గద పట్టుకుని గంతులేస్తుంటే, ఆడవాళ్ళు బిడ్డలను కొంగు చాటుకు లాక్కునేవాళ్ళట. ముఖమంతా గీతలు, నిలువెత్తు మనిషి. వెండిరంగు పూస్తే అచ్చం తుప్పు పట్టిన ఇనుములాగే కనిపించాడు.

మొదటి రోజే నన్ను ఒక ప్రశ్న అడిగాడు. "అన్నా, ఈ మరమనిషికి ఆకలుండాదా?"

"లేదు."

"నిద్ర?"

"లేదు."

"మరి పొద్దన్నే దేనికోసరం లేస్తాడు?"

"స్విచ్చి నొక్కితే లేస్తాడు."

కాసేపు ఆలోచించి, "అయితే నాకన్నా మేలు" అన్నాడు.

ఆయనతోపాటు రోజూ ఇంకొకాయన వచ్చేవాడు. ఆయన బావమరిది. వీధి నాటకంలో వేషగాడి వెనక నిలబడి, తాళం వేస్తూ, వేషగాడు వదిలిన చరణాన్ని అందుకుని పాడేవాణ్ణి వంతగాడంటారు. ఈయన ఆ దుర్యోధనుడికి నలభై ఏళ్ళ వంతగాడు. పొట్టిగా, బక్కగా, ఎప్పుడూ బావ నీడలో ఉండేవాడు. ఒక చేతిలో టిఫిన్ క్యారియరు, ఇంకో చేతిలో తుండుగుడ్డ. షాట్ తీసేటప్పుడు కెమెరా కంటికి కనపడకుండా మరమనిషి వెనకాల గోడకు ఆనుకుని నిలబడేవాడు. పెదాలు కదులుతూ ఉండేవి. ఈయనకు ఇక్కడేం పని అని నాకు మొదటి రోజు నుంచీ చిరాకే.

అసలు ఘట్టం తీసే రోజు వచ్చింది. మొదటి టేకులో పెద్దాయన అద్భుతంగా చెప్పాడు. గొంతు ఇనుప రేకు మీద దొర్లినట్టు ఉంది. కానీ సౌండు చూసేవాడు చెవుల మీది డబ్బాలు తీసి, "సార్, వెనక నుంచి ఎవరో గొణుగుతాండారు. మైకులో పడతాండాది" అన్నాడు.

ఎవరో నాకు తెలుసు. ఎవరూ అడక్కుండానే నేను ముందుకు వెళ్ళాను. మెడలో ఐడీ కార్డు ఉంది గదా.

"ఏమప్పా, మరమనిషికి వెనక నుంచి గుసగుసలు చెప్పేదెవరు? దయ్యమా? ఇది నాటకం కాదు, సైన్సు. బయటికి పో."

యూనిట్ అంతా నవ్వింది. ఆయన బావ వైపు చూశాడు. తరవాత టిఫిన్ క్యారియరు తీసుకుని గమ్మున వెళ్ళిపోయాడు.

రెండో టేకు. పెద్దాయన నోరు తెరిచాడు. మాట రాలేదు. మెడ తిప్పి వెనక్కి చూశాడు.

"మెడ తిప్పొద్దని ఎన్నిసార్లు చెప్పల్ల! మోటారు తుప్పు పట్టింది!" అని అరిచాను.

మూడో టేకులో రెండు వాక్యాలు చెప్పి ఆగాడు. నాలుగోదాంట్లో అదీ లేదు. దర్శకుడు చెవిలో చిన్న మిషను పెట్టించి, మాట అందించే ఏర్పాటు చేశాడు. చెవిలో ఎవరిదో కొత్త గొంతు వినపడగానే పెద్దాయన ఉలిక్కిపడి దాన్ని పీకి అవతల పారేశాడు. ఏడో టేకుకు చెమటకు వెండిరంగు చారలు చారలుగా కారుతోంది. అప్పుడు నేనన్న మాట ఇది. దాచుకోకుండా రాస్తున్నాను.

"పద్దెనిమిది దినాల భారతం ఆడినోడివంట, ఆరు నిమిషాలు బుర్రలో నిలవదా? నా షాపులో చెత్తబుట్టలో పడేసిన చిప్పు నీకన్నా మేలు గదప్పా!"

మళ్ళీ అందరూ నవ్వారు. పెద్దాయన నవ్వలేదు, కోప్పడలేదు. ఇంకోసారి వెనక్కి చూశాడు, అక్కడ గోడ తప్ప ఏమీ లేదు.

దర్శకుడు నన్ను పక్కకు పిలిచాడు. "సార్, రేపు మద్దేనం దాకా చూస్తాం. కాకపోతే మా జిమ్ములో ఒక అబ్బాయి ఉండాడు, వాడికి రంగు పూసేద్దాం. గొంతు యాడన్నా డబ్బింగు చెప్పించుకోవచ్చు."

మేకప్ వేసే మనిషి పక్కనే నిలబడి విన్నాడు.

నేను టీ తాగుదామని రోడ్డు మీదికి వచ్చాను. టీ కొట్టు పక్కన బండ మీద ఆ వంతగాడు కూర్చుని ఉన్నాడు. క్యారియరు ఒళ్ళో పెట్టుకుని, షెడ్డు వైపే చూస్తున్నాడు.

"ఏమప్పా, ఈడనే ఉండావా?"

"యాడికి పోతానన్నా. బావది అయిందా?"

"యాడయింది! నోరే లేవలా. రేపు వేరేవాణ్ణి పెట్టుకుంటారంట."

ఆయన ఒళ్ళోని క్యారియరు తీసి పక్కన పెట్టాడు. తరవాత నా వైపు చూడకుండానే చెప్పాడు.

"రెండేండ్లుగా ఇట్లే అన్నా. పద్యాలన్నీ ఉండాయి. ఒగటీ పోలా. మొదలు దొరకదు, అంతే. మొదటి మాట నేను ఎనక నుంచి అందిస్తే కడదాకా పోతాడు. యాడా తప్పడు. అందియ్యకపోతే నిలబడిపోతాడు. ఊర్లో ఎవురికీ తెల్దు. వంతోడు పాడతాండాడు అనుకుంటారు."

"డాక్టరుకు చూపించినారా?"

"చూపించినాం. మాత్రలిచ్చినారు. మాత్రలేసుకునేది మర్సిపోతాడు." అని నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. "ఈ ఏడు భారతానికి మమ్మల్ని పిలుస్తా ఇంగా తాంబూలం పెట్టలేదన్నా. ఎవురో అనుమానపడినట్టుండారు. ఈడ మేకప్పేసే ఆయన మా పక్కూరోడే. మాట రాక తీసేసినారని తెలిస్తే, ఇంగ మా బావను ఏ ఊర్లోనూ పిలవరు. ఆ వేషం లేకపోతే ఆయప్ప ఉండడన్నా."

ఉండడన్నాడు. బతకడని కాదు, ఉండడని. టీ చల్లారిపోయింది. నేను తాగలేదు.

ఎందుకంటే ఈ జబ్బు నాకు తెలుసు. ఒకసారి శ్రీకాళహస్తి నుంచి ఒక పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫరు డిస్కు పట్టుకుని ఏడుస్తూ వచ్చాడు. ఎన్నో పెళ్ళిళ్ళు అందులో ఉన్నాయి, తెరిస్తే ఖాళీ. నేను చూసి చెప్పాను: ఏడవద్దు, ఫొటోలన్నీ ఉన్నాయి, ఏ ఫొటో ఎక్కడుందో రాసుకున్న జాబితా ఒక్కటే చెడింది. వారం రోజులు కూర్చుని, ఒక్కొక్క ఫొటో మొదలు ఎక్కడో వెతికి పట్టుకుంటే, మొదలు దొరికిన ప్రతి ఫొటో కడదాకా వచ్చింది. ఇలాంటివి నా షాపులో ఎన్నిటిని బాగుచేశానో. బాగుచేసి ఎంత గొప్పలు పోయానో. ఆ జబ్బే ఒక మనిషికి వచ్చి నా ఎదుట నిలబడితే చెత్తబుట్టలో చిప్పు అన్నాను. యంత్రం జ్ఞాపకం సగంసగం ఉండదని దర్శకుడికి పాఠం చెప్పింది కూడా నేనే, నా చేతులతో అన్ని సగం జ్ఞాపకాలను తీసి ఇచ్చినవాణ్ణి! చదువుకున్నవాళ్ళకే అహంకారమని ఇంతకాలం వాళ్ళను తిట్టుకున్నాను. చదువుకోనివాడికి వస్తే ఇంకా ముదిరి వస్తుంది.

తిరిగి షెడ్డులోకి వెళ్ళి దర్శకుడితో చెప్పాను, ఘట్టం మార్చాలని.

"ఏం మారుద్దాం సార్?"

"మరమనిషికి సంగతులన్నీ గుర్తుండాయి. యాడ మొదలుపెట్టల్లో తెల్దు. జాబితా చెడిపోయింది."

వాడు నన్ను ఎగాదిగా చూశాడు. "సార్, మీరే గదా చెప్పినారు, ఉంటే ఉంటాది, లేకపోతే లేదు, సగంసగం ఉండదని. నేను డైరీలో రాసుకున్నా." నిజంగానే డైరీ తీసి చూపించాడు. నా మాటే, అక్షరం పొల్లుపోకుండా.

"దాన్ని కొట్టెయ్యి."

"ఒకే షాట్ అని కూడా మీరే సార్..."

"అది ఉంచు. సూడు నాయనా, ఈ షెడ్డు నిండా బెల్లం దిమ్మెలుండాయనుకో. ఏ దిమ్మె ఏ మూల ఉండాదో రాసిన కాగితాన్ని చెదలు తినేసింది. బెల్లం పోయిందా?"

"పోలేదు."

"కానీ దొరకదు. ఎవురన్నా వచ్చి, ఇదిగో ఈ మూల అని వేలు చూపిస్తే?"

"దొరుకుతాది." తెలివైనవాడే, చెప్పేవాళ్ళు లేక చెడ్డాడు. "ఎవరు చూపించేది సార్?"

"దాని వెనక ఇంకొక చిన్న మరమనిషి ఉండాది. పాత మోడలు. దానికి ఇంకేమీ తెల్దు. ప్రతి సంగతికీ మొదటి మాట మాత్రం దాని దగ్గర దాచిపెట్టినారు, ముందు జాగ్రత్తకు. అది అందిస్తాది, ఇది చెప్తాది."

"అట్లాంటి హార్డ్‌వేరు ఉంటాదా సార్?"

"ముఖ్యమైన జాబితాకు నకలు ఇంకొక చోట పెట్టేది ఎప్పట్నించో ఉండే పనే. కావల్నంటే చదువుకో."

ఇంతవరకు నేను చెప్పింది నిజమే. ఆ నకలుకు కాళ్ళూ చేతులూ ఉండవు, అంతే తేడా. "సూపర్ సార్!" అన్నాడు దర్శకుడు. వాడికి అన్నీ సూపరే. "ఆ చిన్న మరమనిషి వేషం ఎవరికి?"

అసలు కష్టం ఇక్కడ మొదలైంది. వంతగాడు ఒప్పుకోలేదు.

"నేను యానాడూ ముందుకు రాలేదన్నా. నలభై ఏండ్లు. మొగానికి రంగేసుకోలా. వంతోడు ఎనకే ఉండల్ల."

"వెనకే ఉంటావప్పా. కెమెరాకు కనపడతావు, అంతే తేడా."

"అదే గదన్నా బయం."

"నీ బావకోసరం."

ఆయన తుండుగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. పెద్దాయన అంతదాకా మూల కుర్చీలో కూర్చుని ఉన్నాడు, వినపడుతోందని ఎవరూ అనుకోలేదు. అక్కడి నుంచే, "ఒరే, నువ్వు లేకుంటే నేను యాడ మొదలుపెట్టేది?" అన్నాడు. నాటకం గొంతుతో కాదు, మామూలుగా. బావమరిది మేకప్ వేసే ఆయన ముందు కూర్చుని ముఖం అప్పగించాడు. ఆ మేకప్ ఆయన నన్ను, వాళ్ళిద్దరినీ మార్చి మార్చి చూశాడు గానీ, ఏం అర్థమైందో బయటపెట్టలేదు.

మరుసటి రోజు పొద్దున, నా దగ్గరున్న పాత యూపీఎస్ డబ్బా ఒకటి ఖాళీ చేసి ఆయన ఛాతీకి కట్టాను. చీమలు దులిపాను. ఇద్దరు ముసలివాళ్ళు తలనుంచి కాలిదాకా వెండిరంగుతో, ఒకరి వెనక ఒకరు నిలబడ్డారు. వెనకాయన భయానికి ముందాయన వీపులోని ఫ్యాను తలుపును పట్టుకున్నాడు. నేను చెయ్యి తీయమనలేదు. సలహా ఇవ్వకపోవడం కూడా ఒక సలహానే అని ఆ రోజే తెలిసింది నాకు.

కెమెరా తిరిగింది. ఇంజనీరు పిల్ల అడిగింది, నీకేం గుర్తుందని. మరమనిషి నిలబడిపోయింది. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. వెనక నుంచి చిన్న గొంతు అందించింది: "పన్నెండేళ్ళు..."

"పన్నెండేళ్ళు ఆ ఇంట్లో పనిచేశాను. మొదటి ఏడు నాకు చెరుకుకూ వెదురుకూ తేడా తెలియదు. వెదురును గానుగలో పెట్టాను. ఆ రోజు ఆ ఇంటివాళ్ళు నవ్విన నవ్వు నా దగ్గర ఉంది..." అని మొదలై, ఎక్కడా తడబడకుండా మొదటి సంగతి కడదాకా వచ్చింది. ఆగింది. వెనక నుంచి, "వాన పడిన..." వాన పడిన రోజు సంగతి వచ్చింది. ఆగింది. "పాప అడుగులు..." పాప అడుగులు వచ్చాయి. నిన్న ఆరు టేకుల్లో రెండు వాక్యాలు దాటని మనిషి. సౌండువాడు డబ్బాల మీద చేతులు అదిమిపట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

ఇప్పుడు ఇంజనీరు పిల్ల వెనక్కి చూసి, చిన్న మరమనిషిని అడగాలి, నువ్వెవరని. వంతగాడికి సొంతంగా ఉన్నది ఆ ఒక్క మాటే: "నేను సహాయక యూనిట్‌ను. మాటలన్నీ దాని దగ్గర ఉన్నాయి. మొదటి మాట నా దగ్గర ఉంది." పొద్దుటి నుంచి నలభైసార్లు వల్లెవేశాడు.

"నువ్వెవరు?" అంది పిల్ల.

కెమెరా ఆయన ముఖం మీదికి వెళ్ళింది. నలభై ఏళ్ళు ఎవరూ చూడని ముఖం. నోరు తెరిచాడు. పెదాలు కదిలాయి. మాట లేదు. ఒకరి మాటలన్నీ మోసుకు తిరిగినవాడికి తన మాట దొరకలేదు.

కట్ అనబోతూ దర్శకుడు చెయ్యి ఎత్తాడు. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను. ఎందుకు పట్టుకున్నానో ఇప్పటికీ తెలియదు.

అప్పుడు ముందున్న పెద్దాయన, మెడ తిప్పలేదు, నా మోటారు తుప్పు పట్టింది గదా, ఎదురుగా ఉన్న గోడనే చూస్తూ, అదే ఇనుప గొంతుతో అందించాడు:

"నేను..."

"నేను సహాయక యూనిట్‌ను" అన్నాడు వెనకాయన. "మాటలన్నీ దాని దగ్గర ఉన్నాయి. మొదటి మాట నా దగ్గర ఉంది."

తరవాత ఏమీ జరగనట్టు, "ఆఖరి దినం..." అని బావకు అందించాడు. ఆఖరి సంగతి కూడా కడదాకా వచ్చింది. కట్ చెప్పాక కూడా ఎవరూ కదల్లేదు. చీమలు తప్ప.

రంగు కడుక్కునేటప్పుడు వంతగాడు నాతో అన్నాడు, "నలభై ఏండ్లల్లో బావ నాకు అందించింది ఇదే మొదలన్నా." నేను పెద్దాయన దగ్గరికి వెళ్ళి, నిన్న అన్న మాటకు ఏదో చెప్పబోయాను. ఆయన నా ముఖంలోకి చూసి, "ఏమన్నావన్నా నిన్న? నాకు గుర్తులేదే" అన్నాడు. నిజంగా గుర్తులేదో, నటించాడో, ముప్పై ఎనిమిదేళ్ళ సర్వీసు ఉండి కూడా నేను కనుక్కోలేకపోయాను.

సిరీస్ వచ్చింది, కొంతమంది చూశారు. నేను చెమటోడ్చి పెట్టించిన ఫ్యాను చప్పుడును తీసేసి సంగీతం వేశారు. ఏడు స్క్రూల తలుపు అసలు కనపడనే లేదు. రబ్బరు రుద్దే చోట హీరోయిన్ గోళ్ళు మాత్రం బాగా కనపడ్డాయి. కింద వ్యాఖ్యల్లో ఒకడు చీమలు గ్రాఫిక్స్ అని, బాగా చేయలేదని రాశాడు. భారతం కమిటీవాళ్ళు ఇద్దరికీ తాంబూలం పట్టుకుని వచ్చారట. వచ్చినవాళ్ళు ఊరకే ఉండక, ఈ ఏడు దుర్యోధనుడికి వెండిరంగు పూసి, ఛాతీలో నీలం దీపం పెడితే పిల్లలు బాగా వస్తారని అడిగారట. పెద్దాయన మీసం దువ్వి, దీపం వద్దని, వెనక బావమరిది చాలని అన్నాడట. నీలం దీపం ఎక్కడికి వెళ్ళినా నా ప్రాణానికే వస్తుంది.

ఒక్క సంగతి మిగిలింది. ఆ రోజు ప్యాకప్ ముందు దర్శకుడు డైరీ పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"సార్, ఒక డౌటు. పెద్ద యూనిట్‌కు మొదలు దొరకదు అనేది గదా మన రూలు. మొదటి మాటలన్నీ చిన్నదాని దగ్గరే ఉండాయి. మళ్ళా చిన్నదానికి పెద్దది మొదటి మాట ఎట్ల అందించింది? టెక్నికల్‌గా ఇది కరెక్టేనా?"

వాడు అడిగింది న్యాయమైన ప్రశ్న. మూడు వారాలు నేను నేర్పిన పాఠమంతా ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. జేబులో ఎర్ర పెన్ను ఉంది. షెడ్డు బయట బావా బావమరుదులు క్యారియరు విప్పుకుని, ఒకే మూతలో అన్నం తింటున్నారు. చెవుల వెనక వెండిరంగు ఇంకా పోలేదు.

"కరెక్టే" అన్నాను.

"ఎట్ల సార్?"

"అది నువ్వు పుట్టకముందు మోడలు. నీకు తెల్దు. గమ్మున రాసుకో."